పాప జవాబుకు పట్టే సమయం

బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని దర్జీ మూడుసార్లు చదివింది. మీ పాప తరగతితో పాటు సాగలేకపోతోంది, ప్రత్యేక బడికి మార్చడం మంచిది, గురువారం వచ్చి సంతకం చేయండి అని ఉంది. ఆ పూట మిషన్ మీద ఆమె చెయ్యి ఆడలేదు.

పాపకు తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలింది. చేతులు వణుకుతాయి, మాట కూడబలుక్కుంటే గాని బయటికి రాదు. బుర్ర మాత్రం పాదరసం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బడికి ఎలా తెలియజెప్పాలో మాత్రం ఎవరికీ పాలుపోలేదు.

బట్టలు కుట్టించుకునే నర్సు ఒకామె నంబరిస్తే, అందరూ కళ్ళద్దాలక్క అని పిలిచే ఆవిడకు ఫోన్ చేసింది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు తోడుగా బడి సమావేశాలకు వెళ్లి, వాళ్ల పక్షాన నిలబడటమే ఆవిడ పని. చెవులు వినపడని తన కొడుకు కోసం పదేళ్లు బళ్ల చుట్టూ తిరిగి ఆ విద్య నేర్చుకుంది.

మర్నాడే వచ్చి, బట్ట ముక్కలు పక్కకు నెట్టి, కత్తిరింపు బల్ల మీద పాప పరీక్ష రిపోర్టు పరిచింది.

"నలభై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు. ప్రశ్నకు అర నిమిషం. పాపకెంత పడుతుంది చెల్లీ?"

"ఎప్పుడూ చూడలేదక్కా."

"గడియారం పెట్టుకుని చూడు. చూసింది రాయి. మా పాప తెలివైందంటే ప్రతి తల్లీ అనే మాటే అనుకుంటారు. అంకెలు చూపిస్తే వినక ఏం చేస్తారు?"

దర్జీ మూడు రోజులు కాజాలు కుడుతూ ప్రశ్నలడిగింది. ఒక్కో జవాబుకు నలభై సెకన్లు, ఒక్కోసారి నిమిషం. ఇరవై ప్రశ్నల్లో పద్దెనిమిదింటికి పాప సరిగ్గా చెప్పింది.

గురువారం హెడ్మాస్టర్ గది గుమ్మంలో దర్జీ తను రాసిన కాగితం కళ్ళద్దాలక్క చేతిలో పెట్టబోయింది.

"మీరే మాట్లాడండక్కా."

"నీ కూతురు గురించి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వే చెప్పు. తడబడితే నేనున్నాగా."

దర్జీ కాగితం చూసి చెప్పడం మొదలుపెట్టింది. రెండో వాక్యం నుంచి కాగితం చూడకుండానే చెప్పింది.

హెడ్మాస్టర్ అంతా విన్నాడు. "ఇంట్లో వేరమ్మా, బడిలో వేరు."

"అయితే బడిలోనే ఇంకోసారి చూడండి సార్. ఈసారి తను చెప్పేదాకా ఆగండి," అంది దర్జీ.

పక్కనే కూర్చున్న, పరీక్ష పెట్టిన మేడం రిపోర్టు తిరగేసి, తల దించుకుని అంది. "నిజమే సార్. ముప్పై సెకన్లు కాగానే నేను తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను."

హెడ్మాస్టర్ మెత్తబడి, సరే చూద్దాం అన్నాడు.

"చూద్దాం అన్నది కాగితం మీద పెట్టండి సార్," అంది కళ్ళద్దాలక్క చల్లగా. "తేదీతో సహా."

పెట్టారు. రెండు వారాల్లో మళ్లీ పరీక్ష, అంతవరకు పాప అదే తరగతిలో. రాసిపెట్టడానికి రోజూ ఒక సహాయకురాలు. దర్జీ రోజంతా కావాలని అడిగింది, సగం పూటకే ఒప్పుకున్నారు. మిగతా సగం సంగతి వచ్చే సమావేశంలో తేలుస్తానని చెప్పి మరీ సంతకం చేసింది.

రెండో పరీక్షకు దాదాపు నలభై నిమిషాలు పట్టింది. పాప నలభైకి ముప్పై నాలుగు సరిగ్గా చెప్పింది. బడి మారే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారంలోనే పాప మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

"ఏమైందే?"

చాలాసేపు కూడబలుక్కుంది. దర్జీ ఆగింది.

"ఆ రాసే ఆంటీకి... నేను చెప్పినవి... రాయడం రాదమ్మా. అన్నీ... తప్పులే."

దర్జీ పగలబడి నవ్వి, కూతురి జడ సర్దింది. "రేపు నువ్వే దిద్దు."