మొదటి మాటలో మిగిలిన సగం

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి మొదటి మాట నమ్రతకిచ్చారు. సిలువ మీద యేసు పలికినవి ఏడు మాటలు. మాటకొకరు చొప్పున లేచి వాక్యం చెబుతారు, మధ్యమధ్య పాటలు, మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి మూడింటిదాకా. గుంటూరులో ఎలాగో అమెరికాలో ఈ ఎడిసన్‌లోనూ అలాగే. కాకపోతే ఇక్కడ చర్చి అమెరికన్లది. అద్దెకు తీసుకున్నది కాబట్టి కన్నీళ్ళు తుడుచుకున్న వెంటనే కుర్చీలు సర్దాలి.

మొదటి మాట అంటే "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నది. దాన్ని ప్రతి ఏడూ సంఘపెద్ద రాజారావు అంకులే చెప్పేవాడు. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఈసారి ఎందుకిచ్చాడో పార్కింగ్ లాట్‌లో నమ్రత కారు దిగీ దిగకముందే తేలిపోయింది.

"నీ మెసేజ్ అవ్వగానే జితేందర్ ముందుకొస్తాడమ్మా," అన్నాడు అంకుల్ గొంతు తగ్గించి. "రష్మిని పిలుస్తాను. క్షమించానంటుంది. చేతులు కలిపి ప్రార్థన చేసి అట్నుంచటే ఇంటికి పంపిద్దాం. గుడ్ ఫ్రైడే నాడు కుటుంబం సమాధానపడితే ఎంత సాక్ష్యం!"

"రష్మక్కకి చెప్పారా?"

"ఆత్మ నడిపిస్తుందిలే."

"అంటే చెప్పలేదు."

"నీ మాటైతే తను వింటుంది. నువ్వు వాక్యం చెప్పమ్మా చాలు. షార్ట్‌గా. క్షమాపణ మీదే."

రష్మి రెండు నెలలుగా జెర్సీ సిటీలో నమ్రత ఫ్లాట్‌లో, నమ్రత సోఫా మీద పడుకుంటోంది. జనవరిలో చేతికి కట్టుతో చర్చికొచ్చి, మంచు మీద జారానంది. న్యూజెర్సీలో జనవరిలో ఆ మాటంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. నిజానికి ఆమె పడింది ఇంట్లో మెట్ల మీద. తోసింది మొగుడు జితేందర్. డాక్టర్ దగ్గర మంచు కథ చెప్పమని నేర్పిందీ అతనే.

నమ్రత పరుగున లోపలికెళ్ళి రష్మిని ఓ మూలకి లాగింది. "అక్కా, వెళ్ళిపోదాం పద. నిన్ను ముందుకి పిలుస్తారట."

"తెలుసు. నిన్న మా ఆయనే ఫోన్ చేశాడు."

"తెలిసీ వచ్చావా?"

"నా వీసా ఆయన వీసా మీద వేలాడుతోంది నమ్రతా. రాకపోతే అదీ తెంచేస్తానన్నాడు." రష్మి చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "అందరి ముందూ పేరు పెట్టి పిలిస్తే కాదనలేను. నా సంగతి నాకు తెలుసు. పిలిస్తే వెళ్ళిపోతాను."

సరిగ్గా అప్పుడే కృపావతి ఆంటీ తలుపు తోసుకుని వచ్చింది. నోటినిండా నవ్వు, ఒంటి మీద ముదురాకుపచ్చ పొడుగు కోటు. రష్మి మొహంలో రంగు మారింది. ఆ కోటు తనది.

"బావుందా రష్మీ? నాకు కాస్త బిగుతేలే," అంది ఆంటీ గుండీ పెట్టుకోబోతూ. "నువ్వు కొత్తవి కొనుక్కుంటున్నావటగా. పాతవన్నీ ఎవరికైనా ఇచ్చేయమన్నావని మీ ఆయన గ్రూప్‌లో పెట్టాడు. కోటు ముగ్గురం అడిగాం. గొడవ లేకుండా రాజారావు గారే చీట్లు వేశారు."

ఇల్లు మారేవాళ్ళు వద్దనుకున్న సామాను వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం, ఇద్దరుముగ్గురు అడిగితే పెద్దాయన చీటీ తీయడం ఆ సంఘంలో మామూలే. రష్మి ఆ గ్రూప్‌లోంచి ఎప్పుడో బయటికొచ్చేసింది. నమ్రత మ్యూట్‌లో పెట్టింది.

"చీరలు కూడానా ఆంటీ?" అని అడిగింది రష్మి.

"పట్టువా? అవి మొదటి రోజే అయిపోయాయి కదే!"

నమ్రతకి అరికాలి మంట నెత్తికెక్కింది. పాట అయింది. పేరు పిలిచారు. రాసుకొచ్చిన కాగితాన్ని సీట్లోనే వదిలేసి మైకు దగ్గరకి వెళ్ళింది.

"లూకా ఇరవై మూడు, ముప్పై నాలుగు. అంకుల్ ప్రతి ఏడూ ఈ వచనం సగం చదివి కూర్చుంటారు. మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లోనూ ఉన్నారు, ఎర్రర్ మెసేజ్ సగం చదివి పనైపోయిందనేవాళ్ళు. రెండో సగం నేను చదువుతాను. 'వారు ఆయన వస్త్రములు పంచుకొనుటకై చీట్లువేసిరి.'"

ముందు వరసలో తెల్ల లాల్చీలో కూర్చున్న జితేందర్ తలెత్తాడు. వెనక ఎవరో దగ్గారు.

"పైన ఆయన క్షమించమని ప్రార్థిస్తున్నాడు, కింద వీళ్ళు బట్టలు పంచుకుంటున్నారు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. అంటే ఆ క్షమాపణ ఆయన్ని ఎవరూ అడగలేదు. మేకులు కొట్టినవాడు మైకు పట్టుకుని, 'అందరూ చూస్తున్నారు, క్షమించానని చెప్పు, లంచ్‌కి లేటవుతోంది' అన్నట్టు బైబిల్లో ఎక్కడుందో చూపించండి. ఆయనంతట ఆయన తండ్రితో చెప్పుకున్నాడు. అదీ, ఎరుగనివాళ్ళ గురించి! కృపావతి ఆంటీ ఎరగదు, ఒప్పుకుంటాను. ఈ మాట ఆంటీకి వర్తిస్తుంది. కానీ పెళ్ళాన్ని మెట్ల మీంచి తోసి, చెయ్యి విరిగాక మంచు మీద జారానని చెప్పమన్నవాడు ఎరగడా? ఎరక్కపోతే ఆ మంచు కథ ఎందుకల్లాడు?"

"ఏయ్! మా ఇంటి విషయం నీకెందుకు?" జితేందర్ లేచి నిలబడ్డాడు.

"అన్నా, మీ ఇంటి విషయాన్ని పట్టుచీరలతో సహా ఊరందరికీ పంచిపెట్టింది నువ్వే."

మైకు ఆగిపోయింది. రాజారావు అంకుల్ చెయ్యూపగానే కీబోర్డు గట్టిగా మోగింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్ళు. ఆయన వదల్లేదు. ఇంకో మైకు అందుకుని, ఏమీ జరగనట్టే మెత్తగా పిలిచాడు. "రష్మీ, రామ్మా. ప్రభువు పిలుస్తున్నాడు."

రష్మి లేచింది. నడిచింది. జితేందర్ అప్పటికే చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

రష్మి ముందు నమ్రత వైపు తిరిగింది. "నా చెయ్యి సంగతి వీళ్ళందరికీ చెప్పమని నిన్నడిగానా? ఆయన నన్నడక్కుండా బట్టలు పంచాడు, నువ్వు నన్నడక్కుండా ఇది పంచావు."



తరువాత రష్మి జితేందర్ని చూసింది. చాపిన చేతిని కాదు, మొహాన్ని. "క్షమిస్తానో లేదో నాకింకా తెలీదు. అది నేనూ దేవుడూ చూసుకుంటాం. ఒకవేళ క్షమించినా ఇంటికి మాత్రం రాను. వీసా తెంచుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

"అమ్మా రష్మీ, కోపంలో మాట్లాడకూడదు..." అన్నాడు రాజారావు అంకుల్.

"కోపమేనంకుల్. కోపం కాక మరేంటనుకున్నారు?"

వెనక్కి వచ్చేటప్పుడు కృపావతి ఆంటీ వరస దగ్గర ఆగి చెయ్యి చాపింది. "ఇటివ్వండి ఆంటీ." ఆంటీ తత్తరపాటుతో కోటు విప్పింది. రష్మి అది తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. నమ్రత వెనకాలే పరిగెత్తింది. లోపల రాజారావు అంకుల్ రెండో మాట చెప్పేవాణ్ణి త్వరగా రమ్మని తొందరపెడుతున్నాడు.

కారు హైవే ఎక్కాక నమ్రత నోరు విప్పింది. "అక్కా, సారీ. నేను నిజంగా..."

"వద్దు. సారీ చెప్పి ఇప్పుడే క్షమించేయమనకు. మామూలు కోపం రాలేదు నాకు నీ మీద."

"సరే."

"సోమవారం నువ్వు చెప్పిన ఆ లాయర్‌కి ఫోన్ చేద్దాం," అంది రష్మి అద్దంలోంచి బయటికి చూస్తూ. "నేను మాట్లాడతాను. నువ్వు పక్కన కూర్చో. నోరు మాత్రం తెరవకు."