ఆవాల గిన్నెలోని మాటలు

నేను ఒక స్టీలు పోపుల పెట్టెను. ఏడు గిన్నెలు, ఒక మూత, లెక్కలేనన్ని భయాలు. యంత్రం కింద దెబ్బలు తింటూ పుట్టినదాన్ని, నాకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? చీమకుర్తిలో మొదట ఒక అత్తగారి చేతిలో ఉండి, ఆమె తర్వాత కోడలు పేరమ్మ చేతికి వచ్చాను. భయంలో ఇద్దరం ఒకటే. మూత జారితే నేను వణుకుతాను, ఫోను మోగితే ఆమె వణుకుతుంది.

పేరమ్మ భర్త క్వారీ లారీ నడిపేవాడు. ఒకరోజు గుమ్మం దాటుతూ ‘పోయొస్తా’ అనకుండా ‘పోతన్నా’ అన్నాడు. ఆరోజే లారీ బోల్తాపడింది, మనిషి దక్కలేదు. బ్రేకులు అరిగిన సంగతి ఊరందరికీ తెలుసు. పేరమ్మ మాత్రం ఆ మాటనే తప్పుపట్టింది. అప్పటినుంచి మా వంటింట్లో పోవడం, పడడం, చావడం అన్న మాటలు వినపడకూడదు.

కూతురు హైమకేమో ఇటలీకి గ్రానైట్ పంపే కంపెనీలో దుబాసీ ఉద్యోగం మీద ఆశ. ఫోనులో పాఠాలు విని ఇటాలియన్ భాష నేర్చుకుంటోంది. అందులో జరిగిపోయిన పని చెప్పాలంటే పక్కన ఒక సాయం మాట ఉండాలట. తినడం, చూడడం, కోయడం లాంటివాటికి ‘అవేరే’. పోవడం, రావడం, పడడం, చావడం లాంటివాటికి ‘ఎస్సెరే’. గుర్తుండడానికి హైమ మొదటి రకానికి నా శనగపప్పు, రెండో రకానికి నా ఆవాలు తీసి మూతలో వేసేది. ఆవాల వైపు చెయ్యి పోతే చాలు, పేరమ్మ అర్థం అడిగి మరీ నోరు మూయించేది. శనగపప్పు మాటలన్నీ హైమకు కంఠతా వచ్చాయి. ఆవాలు కదల్లేదు.

ఇంటర్వ్యూ ముందురోజు హైమ ఉండబట్టలేకపోయింది. “అమా, రాయి రేవునుంచి పోయిందని చెప్పలేకపోతే నాకు ఉద్యోగం ఎవురిస్తారే?”

పేరమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. “తిరిగొచ్చింది అనేది ఏ గిన్నెలోది?”

“అదీ ఆవాల్లోదే.”

“అయితే పోయిందన్న ప్రతిసారీ ఎనకమాల్నే తిరిగొచ్చిందను. అట్టయితే చదువుకో.”

రోజంతా మా వంటింట్లోంచి లోకమంతా పోయింది, లోకమంతా తిరిగొచ్చింది.

మర్నాడు జరిగింది హైమ చెబుతుంటే విన్నాను. ఇటలీ నుంచి వచ్చిన వ్యాపారి తన రాయి సంగతి అడిగాడట. ఓడలో పోయిందని హైమ చక్కగా, సాయం మాట తప్పకుండా చెప్పింది. అక్కడ ఆగితే బాగుండేది. తిరిగొచ్చింది అని కూడా అనేసింది. ఉన్న తెలుపు చాలనట్టు ఆయన ఇంకా తెల్లబోయాడు. కంపెనీ యజమాని కుర్చీలోంచి లేచాడు.

ఇక దాచి లాభం లేదని హైమ మా ఇంటి కట్టుబాటు ఆ భాషలోనే చెప్పుకొచ్చింది. చివర్లో, “మా నాన్న పోయాడు” అంది. ఈసారి అలవాటు మాట నోటిదాకా వచ్చి ఆగింది. “తిరిగి రాలేదు” అంది. ఆమె భాషలో తప్పు ఒక్కటీ లేదని వ్యాపారి యజమానితో అన్నాడట. ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నా మూత సొట్టపోయింది. పాతసామాన్లవాడి కేక వినబడితే నాలో గిన్నెలన్నీ గలగలలాడతాయి. రోజూ హైమ గుమ్మం దాటగానే పేరమ్మ చిటికెడు ఆవాలు తీసి విడిగా పెడుతుంది. సాయంత్రం ఆ పిల్ల చెప్పుల చప్పుడు వినబడ్డాకే వాటిని నూనెలో వేస్తుంది. అవి చిటపటమనేదాకా మేమిద్దరం ఊపిరి పీల్చం.