తీరం దాటిన రోజు

పొద్దున ముగ్గు వేశాక పటం తుడవడం పద్మావతమ్మకు అలవాటు. ఆమె భర్త వెంకటరామారావు మాస్టారు దమ్మపేట దగ్గర బడిలో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాడు. తాతలు దివిసీమ నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్లు. రాష్ట్రం విడిపోయి ఈ ఊరు ఆంధ్రలో లేకుండా పోయాక ఆయన బెజవాడ వెళ్లి, గుడ్డ మీద అతికించిన కొత్త ఆంధ్రప్రదేశ్ పటం కొనుక్కొచ్చాడు. సముద్రం గోడ మీదైనా ఉండనీ అన్నాడు.

ఉండనిస్తే ఉంది గానీ, దానికి చెమ్మ ఎక్కువ. బంగాళాఖాతం అంచు నుంచి రోజూ నీళ్లు కారేవి. కింద పళ్లెం పెడితే ఎండాకాలంలో గుప్పెడు ఉప్పు తేలేది. ఆవకాయకు పనికిరాదు గానీ చింతపండు నిలవకు భేషైన ఉప్పు. మే నెలలో రెంటచింతల మీద వేలు పెడితే చురుక్కుమనేది. లంబసింగికి ఆనించిన పెరుగు గిన్నె రెండు రోజులైనా పులిసేది కాదు. రాజమండ్రి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఒకసారి వచ్చి, గోదావరి గీత లావు చూసుకుని బస్సెక్కేవాళ్లు. పటం అన్నాక నీళ్లుంటాయి, అంతే.

ఆ అక్టోబరులో బందరు ఎదురుగా నీలిరంగు మూడు రోజులు గుండ్రంగా తిరిగింది. మాస్టారికి అన్నం సహించలేదు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆయన మేనత్త ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయారు. నాలుగో రోజు పొద్దున సుడి ఒడ్డెక్కి కనబడకుండా పోయింది. టీవీ కూడా అదే చెప్పింది.

"తీరం దాటిందే!" అని ఆయన మూడు రోజుల తర్వాత కాఫీ రుచి చూశాడు.

అప్పుడే దూలయ్య, పెళ్లాం కన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్టారి పామాయిల్ తోటలో ట్రాక్టర్ నడిపేది అతనే. ఇల్లు వాగు అవతల గూడెంలో.

"కోడలికి నొప్పులు మొదలైనయి సారు. యశోదను జల్దీ దవాఖానకు తేవాలె. ట్రాక్టర్ కావాలె. గాలివాన అంటున్నరు, వాగు మీద పోవచ్చునా?"

"అది అయిపోయిందయ్యా. తీరం దాటింది. వెళ్లి తీసుకురా."

"దాటి ఏడికి పోయింది సారు?" అంది కన్నమ్మ.

మాస్టారు నవ్వాడు. "కోడలి కంటే అత్తకే ఎక్కువ నొప్పులొస్తున్నట్టున్నాయి!"

"సదువుకున్న సారు చెప్తుంటే నీకేంది, నడువ్," అని దూలయ్య తాళాలు అందుకున్నాడు.

మధ్యాహ్నానికి ట్రాక్టర్ ఇంకా తిరిగి రాలేదు. పటంలో కోస్తా అంతా పొడిగా ఉంది. పద్మావతమ్మ మాత్రం ఎడమవైపు పైన, పటం ఆగిపోయి తెల్లకాగితం మిగిలిన చోట నిలబడిపోయింది.

"ఏమండీ, ఇక్కడ తడిగా ఉందేంటి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఆ తెలుపు మీద ఊరు లేదు, వాగు లేదు. పక్క రాష్ట్రం కదా, అచ్చు వేయలేదు. ఆయన స్కేలు తెచ్చి, ఏలూరు నుంచి ఉత్తరంగా కొలిచాడు. తడి మచ్చ నడిమధ్యన తన ఊరే ఉంది. పైకప్పు మీద వాన అప్పుడే మొదలైంది, పిడికిళ్లతో గుద్దినట్టు.

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. తీరం దాటడమంటే తీరంవాళ్లకు పోవడం, లోపలివాళ్లకు రావడం. తాతల చెవులతో విన్నాడు గానీ, తానున్నచోట నిలబడి వినలేదు.

దూలయ్యకు ఫోను చేశాడు. గూడెం వైపు ఎప్పుడూ సిగ్నల్ ఉండదు.

"నేనే పొమ్మన్నాను పద్మా. కడుపుతో ఉన్న పిల్ల."

ఆమె వంటింటి మసిగుడ్డ తెచ్చి ఆ మచ్చను ఒత్తి తుడిచింది, బకెట్లో పిండింది. సముద్రం నీళ్లు కావవి. ఎర్రగా, మట్టివాసనతో ఉన్నాయి. రెండోసారి పిండితే టేకాకు ఒకటి రాలింది.

"వాగే," అన్నాడు మాస్టారు.

ఆమె తుడుస్తూనే ఉంది. గుడ్డ తీసిన చోట క్షణంలో మళ్లీ ఊరేది. ఆయన బకెట్ పట్టుకుని వాకిలి వైపు నడవబోతే గట్టిగా అరిచింది.

"బయట పోయకండి! మన కాలువ కలిసేది వాగులోనే!"

డ్రమ్ములు నిండాయి. గంగాళం, కుక్కర్లు, చివరికి పాలగిన్నెలూ నిండాయి. రెండు గంటలు గడిచేసరికి ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి. మాస్టారు సాయం పట్టబోయాడు గానీ ఆయన చేతిలోంచి గుడ్డ జారిన మరుక్షణం మచ్చ రెట్టింపైంది. ఆమె లాక్కుని అరచేతులు రెండూ ఆనించి నిలబడింది.

అప్పుడు వాకిట్లో ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

ట్రాలీలో గడ్డి మీద యశోద పళ్లు బిగబట్టి పడుకుని ఉంది, తల అత్త ఒళ్లో. దూలయ్య ఇంజను ఆపకుండానే అరిచాడు.

"చప్టా మీద మోకాలిబంటి నీళ్లే సారు! రెండు పక్కల మాత్రం తాటిచెట్టంత లేచి నిలబడ్డయి. ఎవరో గల్లా పట్టి ఆపినట్టు!"

"మాటలెందుకు, ఆస్పత్రికి పోనీ!" అన్నాడు మాస్టారు.

పద్మావతమ్మ గోడ దగ్గర నుంచి తల తిప్పలేదు. భుజాలు అదురుతున్నాయి.

"కన్నమ్మా, వెనక ఇంకెవరన్నా వస్తున్నారా?"

"ఎవ్వరు లేరమ్మా. మేమే ఆఖరు."

"సరిగ్గా చూశావా?"

"చూసిన. ఒడ్డు మీద కుక్క గూడ లేదు."

ట్రాక్టర్ మలుపు తిరిగేదాకా ఆమె అలాగే నిలబడింది. తర్వాత చేతులు తీసేసింది.