కంది కొయ్యకాళ్ల మధ్య చప్పుడు

నిరోషా ఆదివారం పొద్దున్నే పాత నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్న పనులు ఇవి:

హెడ్‌ఫోన్లు చార్జింగ్ పెట్టాలి.
మిషన్‌కు కొత్త సెల్లు వేయాలి.
సుతిలి తాడు, నాలుగు పుల్లలు, మన్ను తవ్వే ఖుర్పి తీసుకోవాలి.
బాల్‌రాజ్ పటేల్‌ను అడగకుండా చేన్లో కాలు పెట్టకూడదు.
అమ్మను మిషన్‌కు ఆరడుగుల దూరంలో ఉంచాలి, మెట్టెలున్నాయి.
సోమవారం తొమ్మిదింటికల్లా మిషన్ వికారాబాద్ ఆఫీసులో అప్పజెప్పాలి.

అసలు పని మాత్రం ఆ పేజీలో లేదు. రాస్తే దొరకదేమోనని భయం. మూడు వారాల కింద కంది కోతలో ఇంద్రమ్మ పుస్తెలు పోయాయి. అవి దొరకాలి.

ఇంద్రమ్మ ఆ చేను యజమాని బాల్‌రాజ్ పటేల్ భార్య. చేనుకు పోయేటప్పుడు గొలుసు ఇంట్లో పెట్టి, పుస్తెలను పసుపుతాడుకు గుచ్చుకొని పోతుంది. వంగి కోసేటప్పుడు అడ్డం రాకుండా తాడును వీపు మీదికి తోసుకుంటుంది. ఆ రోజు తాడు ఎప్పుడు తెగిందో, ఎక్కడ జారిందో ఆమెకు తెలియలేదు. సాయంత్రం చూసుకుంటే మెడ ఖాళీ. ఆమె పక్క సాలు కోసింది నిరోషా తల్లి బీరమ్మ.

దొంగ అని ఎవరూ అనలేదు. వారం తర్వాత పటేల్ పత్తి ఏరడానికి కూలీల ముఠా మేస్త్రి జంగప్ప ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను పిలిచాడు. బీరమ్మ ఇంటి ముందుకు వచ్చి, పక్కింటామెను పిలిచి, ముందుకు పోయాడు. బీరమ్మ అప్పటికే సద్ది కట్టుకొని గడపలో నిలబడి ఉంది. ఆ సద్ది విప్పి ఇంట్లోనే తిన్నది. అప్పటి నుంచి ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు.

ఆ ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నిరోషాయే మొదటిది. వికారాబాద్‌లో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ పూర్తి చేసి, ఒక కాంట్రాక్టర్ దగ్గర పనికి కుదిరింది. తాండూరులో రోడ్ల కిందికి పోయిన నీళ్ల పైపుల వాల్వు మూతలను లోహాన్ని పసిగట్టి కూసే మిషన్‌తో వెతికి, సున్నంతో గుండ్రం గీయడం ఆమె పని. నాపరాళ్ల లారీల మోతలో మిషన్ కూత వినపడదు. మిషన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్ వైరు తెగిపోతే, అగ్గిపెట్టెంత బ్లూటూత్ ముక్క ఒకటి తెచ్చి మిషన్‌కు గుచ్చింది. ఫోనుకు వాడుకునే తన వైర్‌లెస్ హెడ్‌ఫోన్లను దానికి కలుపుకుంది. పళ్లెమంత మూతలు వెతకడానికి అవి బాగానే పనిచేశాయి. ఆదివారం ఒక్కరోజుకు మిషన్ ఇమ్మని ఆఫీసులో అడిగితే సరేనన్నారు.

తన ఇంటి వాకిట్లో కూర్చున్న బాల్‌రాజ్ ఆమె చెప్పిందంతా విన్నాడు.

"చూస్కో బిడ్డ. రేపు ట్రాక్టర్ వస్తది. దున్నినంక బంగారం లేదు, ఏం లేదు. గని ఒక్కమాట. గా మిషన్ కుయ్యిమనొద్దు. ఇనబడ్డదంటే ఊరంత గడ్డపారలు పట్కొని వస్తది. నిధి ఉన్నదని నా చేను బాయి చేస్తరు."

"చప్పుడు నా చెవులకే వస్తది పటేలా. బయటికి రాదు."

లోపల కందులు చెరుగుతున్న ఇంద్రమ్మ చాట మీది నుంచి తల ఎత్తలేదు.

చేన్లో కంది కోశాక మిగిలిన కొయ్యకాళ్లు మోకాలి కిందికి నిలబడి ఉన్నాయి. ఆ రోజు తామిద్దరూ కోసిన ఆరు సాళ్లు ఏవో బీరమ్మ చూపించింది. నిరోషా పుల్లలు పాతి సుతిలి కట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని మిషన్ అడుగున ఉన్న గుండ్రటి పళ్లేన్ని నేల మీద అటూ ఇటూ ఊపుతూ నడిచింది.

"అమ్మా, జర దూరం! నీ మెట్టెలే మోగుతున్నయి."

"మోగనీ. ముప్పై ఏండ్ల సంది ఊకనే ఉన్నయి పాపం," అంటూ బీరమ్మ చేని ఒడ్డు మీదికి పోయి కూర్చుంది.

బాట మీద పోతున్న జంగప్ప ఆగాడు. "ఏందమ్మా నిరోషా, కొయ్యకాళ్లకు పాటలు ఇనిపిస్తున్నవా?"

"లే మామా, నేనే ఇంటున్న. కొత్త పాట."

అతను నవ్వుతూ కొట్టం వైపు పోయాడు. బీరమ్మ వైపు మాత్రం చూడలేదు.

చెవిలో కూత వచ్చిన చోట తవ్వితే ఏమీ లేదు. ఇంకో చోట కూత, మళ్లీ ఏమీ లేదు. మూడో గుంటకు జానెడు దూరంలో పైనే ట్రాక్టర్ బోల్టు కనిపించింది. తర్వాత బీరు సీసా మూత, కొడవలి మొన కూడా తవ్విన చోట కాకుండా పక్కనే దొరికాయి. నిరోషా మిషన్ మీది బటన్లన్నీ తిప్పి చూసింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆదివారం కదా, ఎవరూ ఎత్తలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి రెండు సాళ్లు కూడా కాలేదు.

"నేనొకటి చెప్పనా? కోపం చేయకు," అంది బీరమ్మ.

"చెప్పు."

"నువ్వు గిటు పోయేటప్పుడు ఆగి తవ్వితే వస్తువు గటుంటున్నది. గటు పోయేటప్పుడు ఆగితే గిటుంటున్నది. మన ధారూర్ బస్సు లెక్క స్టేజి దాటినంక ఆగుతున్నవ్."

నిరోషా హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకొని చూసింది. వైరు లేకుండా వచ్చే చప్పుడు మిషన్ నుంచి చెవికి చేరడానికి కొంచెం ఆలస్యమవుతుంది. ఆ లోపల పళ్లెం వస్తువును దాటిపోతోంది. ఇదంతా చదువుకుంది తను, కనిపెట్టింది ఒడ్డు మీద కూర్చున్న అమ్మ. ఆమెకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి.

ఇక పద్ధతి మార్చింది. కుడికి పోతూ కూత విన్నచోట ఒక పుల్ల, ఎడమకు వస్తూ విన్నచోట ఇంకో పుల్ల గుచ్చి, రెండింటి నడుమ చూసింది. గుట్కా కాగితాలు, మేకులు అనుకున్నట్టే నడుమనే దొరికాయి. ఐదో సాలులో ఒక సన్నని కూత వచ్చింది. ఖుర్పితో మన్ను కొద్దిగా జరిపితే పసుపుతాడు కొస, దాని పక్కనే పచ్చగా మెరిసే బిళ్ల.

"అమ్మా! గివే!"

చెయ్యి చాచింది.

"ముట్టకు!"

బీరమ్మ పరుగున వచ్చింది. వంగి చూసింది. గట్టిగా ఊపిరి వదిలింది. వెంటనే దోసిలితో మన్ను లాగి దాని మీద కప్పేసింది.

"ఏందే గిది? దొరికినయి గద!"

"చప్పుడు ఎవరిన్నరు బిడ్డ? నువ్వొక్కదానివే. పక్కనున్న నేను సుత ఇనలే. మనం తీస్కపోయి చేతిల పెడితే ఏమంటరు? దాసిపెట్టింది, బిడ్డకు మిషన్ దొరకంగనే తెచ్చింది అంటరు."

"ఫోటో తీస్త."

"ఫోటో సుత నువ్వే తీస్తివి గద."

బీరమ్మ పుల్లలు పీకేసి, గుంట ఆనవాలు లేకుండా చదును చేసి, చేను దాటి అవతలి ఒడ్డు మీదికి పోయి కూర్చుంది. "పో. ఆమెను పిల్చుకరా. జంగప్పను సుత రమ్మను. ఆమే వెతుకుతది."

ఇంద్రమ్మ వచ్చింది. వెనక జంగప్ప. నిరోషా హెడ్‌ఫోన్లు చూపి, చప్పుడు వీటిలోనే వస్తుందని చెప్పింది. మిషన్ చేతికిచ్చి, ఐదో సాలు మొదట్లో నిలబెట్టింది.

"మెల్లగ ఊపుకుంట పోండ్రి అమ్మా. కూసిన చోట పుల్ల గుచ్చుండ్రి. మళ్ల గటు నుంచి గూడ రాండ్రి. రెండింటి నడుమ చూడుండ్రి," అని హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టింది.

"వామ్మో, చెవుల పురుగు కూసినట్టున్నది!" అంది ఇంద్రమ్మ ఒక చోట ఉలిక్కిపడి. గుచ్చిన పుల్లలు చూసి, కొంగు నడుముకు దోపుకొని, తనే నేల మీద కూర్చుని వేళ్లతో మన్ను తీసింది. తాడు వచ్చింది. తాడుతో పాటు రెండు పుస్తెలూ వచ్చాయి. కొంగుతో తుడిచి కళ్లకు అద్దుకుంది. జంగప్ప తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

ఇంద్రమ్మ అవతలి ఒడ్డు వైపు చూసింది.

"బీరమ్మా! నేనైతే నిన్ను ఒక్క మాట అనలే!"

చెవులు మూసుకొని ఉన్నాయి కాబట్టి ఆ మాట కేకలా వచ్చింది. బాట మీద పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. నిరోషా పోయి ఆమె తల మీది హెడ్‌ఫోన్లు తీసేదాకా బీరమ్మ ఆగింది.

"అనలేదమ్మా. పిలవలేదు, గంతే," అంది మామూలుగా.

ఇంద్రమ్మ పుస్తెలను కొంగు కొసన ముడి వేసుకుంది. లేచేటప్పుడు జంగప్ప చెయ్యి ఇవ్వబోతే వద్దంది.

సోమవారం పొద్దున నిరోషా మిషన్ సంచిలో పెట్టుకొని వికారాబాద్ రైలుకు బయల్దేరుతుంటే, గడప ముందు ఇంద్రమ్మ నిలబడి ఉంది. జంగప్పను పంపలేదు, తనే వచ్చింది. మెడలో పుస్తెలకు కొత్త తాడు.

"బీరమ్మా, మిగిలిన పత్తికి వస్తవా?"

లోపల సద్ది గిన్నె మూత చప్పుడైంది.

"సద్ది కట్టుకొని వస్త," అంది బీరమ్మ.

చేను దున్నేశారు. ఆ సాలు ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేరు. ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో తాండూరు కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టిన రోజు, ఆ పంట కోసిన చేతుల్లో బీరమ్మ చేతులు కూడా ఉన్నాయనుకోండి. బంగారం కనిపిస్తే ముట్టకుండా మన్ను కప్పిన చేతులవి. ఆమెను ఒకసారి గుర్తు చేసుకోండి.