ఎడమ తలుపు

"కర్ర మార్చావా లేదా? నా కళ్ళలోకి చూసి చెప్పు," అంది అక్క.

"మార్చానక్కా! పొద్దున్నుంచీ ఎన్నిసార్లు అడుగుతావ్? ఒట్టెయ్యమంటావా?" అన్నాడు తమ్ముడు, బంపరు తుడుస్తూనే.

కళ్ళలోకి మాత్రం చూడలేదు. అయినా అక్క నమ్మింది. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మింది.

నాన్న పోతూ ఇద్దరికీ కలిపి మిగిల్చింది ఆ కారొక్కటే. పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముదురాకుపచ్చ రంగు. అలాంటివి ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పైకంతా ఇనపరేకే గానీ, లోపల ఎముకల గూడు మాత్రం కర్ర. అందులో ఎడమ తలుపు గడియ పట్టుకునే నిలువుకర్ర ఏనాడో పుచ్చిపోయింది. అక్క చిన్నప్పుడు ఒక మలుపులో ఆ తలుపు తెరుచుకుని ఆమెను రోడ్డుమీదకి విసిరికొట్టింది. ఆ మచ్చ ఇంకా గడ్డం మీద ఉంది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక అలవాటు. ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళు మోచెయ్యి తలుపు అవతలికి వేసి, గట్టిగా ఒంటికి లాక్కుంటారు. నడిపేవాళ్ళు మలుపు రాగానే పక్కవాళ్ళ చొక్కా పట్టుకుంటారు. బాగుచేయిస్తా, చేయిస్తా అంటూనే నాన్న కాలం గడిపేశాడు. మహానుభావుడు, వాయిదాలు వేయడంలో ఆయనకు ఆయనే సాటి.

తమ్ముడు ఒకరి దగ్గర కార్లకు రంగులు వేస్తాడు. ఈ కారు అమ్ముడైతే వాడికి సొంత షెడ్డు వస్తుంది. సిటీ బస్సు నడిపే అక్కకు ఆ షెడ్డు మీద వాడికంటే ఎక్కువ ఆశ. రోజూ తిట్లు తిని వాడు వేలాడేసుకొచ్చే మొహం ఆమె చూడలేకపోతోంది.

కొనే ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా పాప ఇందులోనే బడికెళ్తుందట. వారం నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది," అని నవ్వి, జేబులోంచి అయస్కాంతం తీశాడు. తుప్పు మీద పుట్టీ పూసి ఉంటే అది అంటుకోదని, రేకు మీద అంగుళం అంగుళం ఆనించి చూశాడు. అన్నిచోట్లా టక్కున అంటుకుంది. పాపం, అయస్కాంతానికి కర్ర సంగతి ఏం తెలుసు?

తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆయన ఒక చుట్టు తిప్పి వచ్చాడు. దిగుతూనే మొహం వెలిగిపోతోంది. "తీసుకుంటున్నానండీ. మరో మాట లేదు!"

అక్క ఆయన్ని చూడట్లేదు. తమ్ముడి మోచేతిని చూస్తోంది. అది తలుపు అవతలికి వేసి, ఒంటికి బిగించి ఉంది. కారు ఆగినా వదల్లేదు.

ఒట్టేస్తానన్న నోరు అబద్ధమాడింది గానీ, చెయ్యి ఆడలేకపోయింది.

"ఇప్పుడు నేను!" పాప గంతులేస్తూ ఎడమ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"ఉండు తల్లీ," అక్క అడ్డం వెళ్ళింది. ఒక్క మాటతో వాడి షెడ్డు పోతుంది. మాట్లాడకపోతే ఈ పిల్ల... "ఒరేయ్, దిగకు. చేతులు ఒళ్ళో పెట్టుకో. ఆ మలుపు దాకా నేను నడుపుతాను."

"ఎందుకక్కా, ఆయన చూశారుగా..."

"చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నానా?"

కారు కదిలింది. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. రోడ్డు చివర కుడివైపు మలుపు దగ్గరపడుతోంది. అక్క వేగం తగ్గించలేదు. వాడి వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"అక్కా... ఆపు. ఆపక్కా! మార్చలేదు. జిగురూ రంపప్పొట్టూ కూరి రంగేశాను."

ఆమె బ్రేకు తొక్కింది. తిడదామనుకుంది, ఏడుపొచ్చింది.

తర్వాత కారును మెల్లగా కుడికి తిప్పి వెనక్కి మళ్ళించింది. తిరుగుతుంటే తలుపు కిర్రుమంది. ఆమె ఎడమచెయ్యి తనంత తానే వెళ్ళి వాడి చొక్కా పట్టుకుంది. వాడు తల వంచుకున్నాడు.

పాప ఎదురు పరుగెత్తుకొచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కకమ్మా," అన్నాడు, వెనకాల వస్తున్న వాళ్ళ నాన్నకు కూడా వినబడేలా. "ఈ తలుపు ఊడొస్తుంది."

అక్క ఇంకా వాడి చొక్కా వదల్లేదు.