దొరగారు కాళ్ళు కడిగిన గురువారం

ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు, ఏసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, మా ఫెల్సెన్‌టాల్ సంస్థానంలో దొరగారు పన్నెండుమంది ముసలివాళ్ళ కాళ్ళు కడుగుతారు. మా తాత కాలు దొరగారి ముత్తాత కడిగాడు. ఆల్ప్స్ కొండల మధ్య మాకున్నవి పన్నెండు ఊళ్ళే. ఊరికి ఒకరు చొప్పున, డెబ్బై దాటినవాళ్ళ పేర్లు కోటవాళ్ళే ఎంచుతారు. ఆ ఏడు మా ఊరి నుంచి నా పేరు వచ్చింది.

ఉత్తరం చదివి నా భార్య ఒటీలియా కళ్ళు తుడుచుకుంది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఈస్టర్ తరవాతి ఆదివారమే ఓటింగు. ప్రజలు ఓటేసి చేసుకున్న చట్టాన్ని దొరగారు ఒక్కరు వద్దంటే ఆగిపోవాలా అన్నది ప్రశ్న. ఆగకూడదని మొట్టమొదట సంతకాలు పెట్టిన నలభైమందిలో నేనొకణ్ణి. ఆ పేర్లు ఊరి కచేరీ గోడ మీద అంటించారు కూడా.

దొరగారి మీద కోపంతో పెట్టిన సంతకం కాదది. ఆయన మంచివాడు. కానీ మంచివాడి చేతిలో ఉన్న అధికారం రేపు ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు? అంతవరకే నా ఆలోచన. ఇప్పుడు అదే మనిషి నా ముందు మోకరించి కాలు కడుగుతానంటున్నాడు. కడిగించుకుని, పదిరోజులు తిరక్కుండా ఆయనకి ఎదురు ఓటెయ్యడం ఎలా?

తోటలో ద్రాక్షతీగలు కట్టుకుంటూ ఉంటే పక్కతోట లూట్సీ గోడ మీద మోచేతులు ఆన్చి నవ్వాడు.

"ఏమోయ్ మైన్‌రాడ్! కాలేమో దొర చేతిలో, చెయ్యేమో ఓటు పెట్టెలో. ఎలా కుదురుతుందోయ్ నీకు?"

"కుదరకపోతే వెళ్ళనులే."

"వెళ్ళకపోతే పొగరంటారు. వెళ్తే అమ్ముడుపోయాడంటారు. నీకంటే నా మేకలు నయం. ఎవరు మేతేసినా తింటాయి, పొడవాలనిపిస్తే వాళ్ళనే పొడుస్తాయి."

శనివారం గుడికి పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు చెప్పుకోడానికి వెళ్ళి ఫాదర్ గెబ్‌హార్డ్ గారికి అంతా చెప్పుకున్నాను.

"సంతకం పెట్టడం పాపం కాదు కదయ్యా. పాపం కానిదానికి క్షమాపణ ఎక్కణ్ణించి తెచ్చివ్వను?" అన్నారాయన జాలీ అవతలినుంచి.

"కాలు కడిగించుకుని ఆయనకి ఎదురు తిరిగితే, అది పాపం కాదా ఫాదర్?"

ఆయన జాలీకి దగ్గరగా వంగారు. "ప్రభువు కడగబోతే పేతురు గారు కూడా మొదట కాలు చాపనన్నారు. మిగతాది ఇంటికెళ్ళి ఆలోచించుకో. నీ వెనకాల ఇంకా ఆరుగురున్నారు."

ఆలోచించాను. పేతురు ప్రేమకొద్దీ వద్దన్నాడు. నేను వద్దనుకుంటున్నది ఎందుకు? భయం కొద్దీ కాదూ?

ఒటీలియాకి ఈ చిక్కే లేదు. "వెళ్ళండి, వచ్చి అవునని ఓటెయ్యండి. అంతటి మనిషి మోకాళ్ళ మీద కూచుంటాడే, మీరు ఒక్క గీత గియ్యలేరా?" అంది.

ఆ మాటే నన్ను రెండు రోజులు తొలిచింది. ఆయన వంగడం నిజంగా వంగడమే అయితే నేను బదులివ్వనక్కర్లేదు. బదులు కోసం అయితే అది వంగడమే కాదు. ఈ రెంటిలో ఏదో నాకెలా తెలుస్తుంది? అడిగితేగాని తెలియదు. అడగడానికే వెళ్ళాను.

కోట గుడిలో పన్నెండు కుర్చీలు వేశారు. అందరం కుడికాలి జోడు విప్పి కూర్చున్నాం. నిజానికి ఆయన కడగడానికి ఏమీ మిగల్లేదు. ఒక్కొక్కళ్ళం ఇంటి దగ్గరే బ్రష్షు పెట్టి తోముకుని వచ్చాం. నా పక్కాయన పాదం ఎర్రముల్లంగిలా ఉంది.

దొరగారు నడుముకి తెల్లగుడ్డ కట్టుకుని వచ్చారు. యువరాజు కూజా పట్టుకున్నాడు. కోడలుగారు తువ్వాళ్ళు అందించింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులని అందరికీ తెలుసు. ఒక్కో కుర్చీ దగ్గరా దిగి, మళ్ళీ లేవాలి. ఏడోవాడి దగ్గర కొడుకు మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. చివరి కుర్చీ నాది. నా దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ఊపిరి అందడం లేదు.

ఆయన నా మడమ చేతిలోకి తీసుకోగానే గొంతు తగ్గించి అన్నాను. "దొరగారూ, నేను ఆ కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి. కాదనే ఓటేస్తాను. అది తెలిసే కడుగుతున్నారా?"

యువరాజు చేతిలో కూజా ఆగింది.

"తెలుసు. నలభై పేర్లూ చదివాం. మీ పేరు తీసేద్దామంది మా కోడలు," అన్నారు దొరగారు. ఆమె తువ్వాలు అంచు చూసుకుంటూ నిలబడింది. "నేనూ తీసేద్దామనే అనుకున్నాను. ఒక పూట కాదు, రెండు రోజులు."

"మరి ఎందుకు ఉంచారు?"

"మిమ్మల్ని తీసేస్తే మిగతా పదకొండు కాళ్ళూ ఎందుకు కడుగుతున్నానో నాకే తెలియకుండా పోయేది." ఆయన తలెత్తారు. "అలాగని మీరు గెలవాలని లేదండోయ్. నేనే గెలవాలి. అది వేరే సంగతి. కాలు కాస్త ఎత్తండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

ఎత్తాను. నీళ్ళు పోశారు, తుడిచారు, ఆచారం ప్రకారం పాదాన్ని ముద్దు పెట్టుకున్నారు. తరవాత లేవబోయారు, లేవలేకపోయారు. దొరగారిని మేం ముట్టుకోవడం మర్యాద కాదు. అది గుర్తొచ్చే లోపలే నా చెయ్యి ముందుకు పోయింది. ఈసారి ఆయన విదిలించుకోలేదు. ఒంటికాలి జోడుతో లేచి నిలబడి ఆయన్ని పైకి లాగాను. మనిషి బరువే.

ఓటింగు రోజున గుడి నుంచి నేరుగా ఓటు పెట్టె పెట్టిన బడికి నడిచాం. "ఏం వేస్తున్నారు?" అంది ఒటీలియా. "కాదనే," అన్నాను. ఆమె అడుగు వేగం పెంచి నాకంటే ముందు వెళ్ళిపోయింది. చీటీ తీసుకుని కాదన్నచోట గీత పెట్టాను.

సాయంత్రానికి ఫలితం తెలిసింది. దొరగారే గెలిచారు, మూడింట రెండు వంతులు ఆయనకే. లూట్సీ మా గుమ్మంలోకి వచ్చి, "ఓడిపోయావు కదోయ్, హాయిగా ఉందా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నా భయం కూడా అదే. ఓడిపోయామంటే లోపల ఎక్కడో హాయిగా ఉంటుందేమో, బాకీ తీరినట్టు ఉంటుందేమో అని. ఫలితం విన్నప్పటి నుంచి ఆ హాయి కోసం నాలో నేనే వెతుక్కున్నాను. దొరకలేదు. పంట పోయినప్పటి దిగులే ఉంది.

"లేదోయ్, బాధగా ఉంది," అన్నాను.

లోపల్నించి ఒటీలియా గిన్నెలు సర్దే చప్పుడు ఆగింది. "మళ్ళీ ఓటు పెడితే?" అని కేకేసింది.

"మళ్ళీ కాదనే."

"మొండిఘటం," అంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, "లూట్సీ గారూ, మీరూ కూచోండి. సూపు చల్లారిపోతోంది," అంది. పొద్దున బడి దారిలో నన్ను దాటి వెళ్ళిపోయాక ఆమె మామూలుగా మాట్లాడడం అదే మొదలు.