మామయ్య మెయిళ్ళు

కొత్త కంప్యూటర్ మానిటర్ మూలన వాసంతి ముందు చిన్న కుంకుమ బొట్టు పెట్టింది, ఆ తర్వాతే స్విచ్ వేసింది. నల్లటి తెరలో తన ముఖం, మెడలో ఇంకా పసుపు వాసన పోని పుస్తెలతాడు ఒక్క క్షణం కనబడి మాయమైతే ఒక్కతే నవ్వుకుంది. పెళ్ళయి నలభై రోజులు. ఈ ఇంట్లో ఇప్పటిదాకా ఆమె చేతికి వచ్చిన పనులు రెండే, ముగ్గు వేయడం, చాయ్ పెట్టడం. ఇది మూడోది. అడిగి మరీ తీసుకున్నది.

కొత్తవాడలో ఆమె మామయ్య లింగమూర్తిది ఆరు మగ్గాల ఇల్లు. దర్రీలు, నేలమీద పరిచే నూలు జంపఖానాలు, నేస్తారు, ఆర్డర్లన్నీ మెయిల్లోనే వస్తాయి. పాత కంప్యూటర్ రోజుకు రెండుసార్లు ఆగిపోతుంటే కొడుకు ఉపేందర్, వాసంతి మొగుడు, విసిగిపోయి కొత్తది తెచ్చాడు. పాతదాన్ని షాపువాళ్ళు ఎక్స్ఛేంజ్‌లో తీసుకుపోయారు. మెయిళ్ళు మాత్రం ఆన్‌లైన్‌లో ఎక్కడా లేవు. పదేళ్ళ కింద ఎవరో చేసిపెట్టిన ఏర్పాటు ప్రకారం వచ్చిన ప్రతి మెయిలూ ఆ పాత కంప్యూటర్‌లోకి దిగి, అటుపక్క చెరిగిపోయేది. అందుకని పాతది ఇల్లు దాటకముందే వాసంతి వాటన్నిటినీ ఒక్క ఫైలుగా కట్టి, చిన్న హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీసి పెట్టింది. ఇప్పుడు ఆ ఫైలును కొత్తదాంట్లోకి ఎక్కించడమే మిగిలింది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్లకు ఇదేమంత పని.

ఎల్లుండి నుంచి ఆషాఢం. రఘునాథపల్లి నుంచి తమ్ముడు వచ్చి ఆమెను పుట్టింటికి తీసుకుపోతాడు. అంతలోపు ఇది పూర్తయితే, తను లేని నెలరోజులూ అత్తమ్మ వాడకట్టంతా తిరిగి "మా కోడలే చేసింది" అని చెప్పుకుంటుందని ఆమె ఆశ. తెరమీద పచ్చగీత మెల్లగా కుడివైపుకు జరుగుతుంటే, దాన్ని చూడటం కూడా ఆమెకు సంబరంగానే ఉంది.

లింగమూర్తి మగ్గాల గదిలోంచి వచ్చాడు. భుజాల మీద నూలు పీచు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఎంత దాక అచ్చింది, బిడ్డ?"

"సగం దాటింది మామయ్య. ఇంకో ఇరవై నిమిషాలు."

"మంచిది. జైపూర్ పార్టీది ఐదేండ్ల కిందటి ఆర్డరు మల్ల అచ్చింది. అరవై దర్రీలు. రంగులు అవ్వే గావాల్నట, జర తేడా ఉన్నా తీసుకోమంటాండ్రు. కిలో నూలుకు ఏ రంగు ఎన్ని గ్రాములేయాల్నో అప్పుడు మెయిల్ల రాసిండ్రు. రంగులేసే సారయ్య కాడ నీళ్ళు మరుగుతానయి. పన్నెండింటి దాక ఆగుతడట, ఆయెన్క ఇంకొకలది ఏసుకుంటడు."

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. రంగు తేడా అంటే ఏమిటో ఆమెకు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే తెలిసింది. మూడేళ్ళ కింద రంగు కలవలేదని ఎవరో తిప్పి పంపిన దర్రీలను ఇంటిల్లిపాదీ ఇప్పటికీ కింద పరుచుకుని పడుకుంటున్నారు.

"ఎక్కగానే తీసి ఇస్త మామయ్య. ఏ ఫోల్డర్‌ల ఉంటది?"

"గంపల."

"గంపలనా?"

లింగమూర్తి తెరమీద ఎడమపక్క కిందికి వేలు చూపించాడు. చెత్తబుట్ట బొమ్మ. "గిదే. అయిపోయిన ఆర్డర్ల మెయిళ్ళన్నీ గిండ్లనే ఏస్త. మనం మగ్గం కింద గంప పెట్టుకుంటం గదా, గట్ల."

ఆ గంపలు వాసంతి రోజూ చూస్తున్నవే. ఒక్కో మగ్గం కింద ఒక్కోటి. దర్రీ దిగాక మిగిలిన నూలు ముక్కలు అందులోకి పోతాయి. మళ్ళీ ఎప్పుడైనా ఆ దర్రీ బాగుచేయడానికి వస్తే అదే రంగు దారం కావాలి కాబట్టి వాటిని ఎవరూ పారేయరు, ఊడ్చే మనిషి కూడా ముట్టుకోదు. పదేళ్ళ కింద కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్న మనిషికి ఆ బుట్ట బొమ్మ దేనికుందో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచి ఉండదు.

వాసంతి ఆ బుట్ట బొమ్మ వైపే చూసింది.

పోయిన గురువారం ఆ బుట్టలో నాలుగు వేల చిల్లర మెయిళ్ళు చూసి తను నవ్వింది. మామయ్య ఇన్నేళ్ళూ చెత్త కూడా పారబోయలేదు అనుకుంది. ఆ రోజంతా అదే ఊపు. వంటింటి డబ్బాలు కడిగింది, దేవుడి పటాల అద్దాలు తుడిచింది, బుట్ట ఖాళీ చేసింది. శాశ్వతంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది కూడా. తను సరే అని నొక్కింది.

బ్యాకప్ తీసింది ఆ తర్వాతా, ముందా?

మధ్యలో ఉపేందర్ మిర్చి బజ్జీలు తెచ్చాడు. నూనె చేత్తో మౌస్ ముట్టొద్దని ఆమె చేయి పట్టుకుని ఆపి, బజ్జీ తనే ఆమె నోట్లో పెట్టాడు. అది బాగా గుర్తుంది. బజ్జీలకు ముందు ఏం చేసిందో, తర్వాత ఏం చేసిందో మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకడం లేదు.

"మామా కోడండ్లు ఇద్దరు గట్ల కండ్లప్పగిచ్చి సూత్తాండ్రు, అండ్ల సీరియల్ అస్తాందా?" అంటూ అత్తమ్మ కట్టమ్మ చాయ్ గ్లాసులు పెట్టిపోయింది. వాసంతి గ్లాసు ముట్టుకోలేదు. పచ్చగీత ఎనభై దగ్గర ఆగి, కదిలి, మళ్ళీ ఆగింది. ఇందాకటిదాకా అది తొందరగా పోవాలని ఉండింది. ఇప్పుడు అక్కడే ఆగిపోతే బాగుండనిపిస్తోంది.

లింగమూర్తి చాయ్ తాగి, మగ్గం దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. గీత నిండింది. పని పూర్తయిందని తెరమీద వచ్చింది. వాసంతి బుట్ట బొమ్మ నొక్కింది.

ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు అని ఉంది.

మూసి మళ్ళీ తెరిచింది. అదే మాట. ఇన్‌బాక్స్‌లో ఈ నెలవి పద్నాలుగు మెయిళ్ళున్నాయి, అంతే. ఉపేందర్‌కు ఫోన్ చేసింది. అతను స్టేషన్ ఘన్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగి.

"ఏంది మేడం, పొద్దు గుంకక ముందే యాదికచ్చిన్నా?"

"బావా, పాత కంప్యూటర్ ఏడున్నది?"

"షాపుల. ఎందుకు?"

"అండ్ల అన్నీ ఉన్నయా ఇంకా?"

"ఎక్కడియి? నా ముందటనే మొత్తం తుడిచేసిండు. నేనే తుడువుమన్న. మన మెయిళ్ళు ఇంకొకలు సదువద్దు గదా." అతని గొంతు మారింది. "వాసంతీ, ఏమైంది? ఎందుకట్ల మాట్లాడుతానవ్?"

తర్వాత చెప్తానని పెట్టేసింది. పుట్టింటికి పోతున్న కోడలు. నెల తర్వాత ఈ గడప తనను ఏ ముఖంతో రమ్మంటుంది? ముప్పై ఏళ్ళు మగ్గం మీద వంగిన మనిషి పదేళ్ళ పని, రెండు నొక్కుల్లో. ఫైలు చెడిపోయిందని చెబితే ఎవరికీ తెలియదు. ఈ ఇంట్లో ఎవరూ చూసి పట్టుకోలేరు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు ఇంకా భయమేసింది.

లింగమూర్తి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పదకొండున్నర. "దొరికిందా?"

"మామయ్య, బుట్ట ఖాళీగా ఉన్నది." నిలబడి, టేబుల్ అంచు పట్టుకుంది. "నేనే ఖాళీ చేసిన. బ్యాకప్ తీసే ముందట. చెత్త అనుకున్న."

ఆయన తెరవైపు చూశాడు. "ఎన్ని పోయినయి?"

"అన్నీ."

"పాత దాంట్ల?"

"అది కూడా తుడిచేసిండ్రు."

తిడితే బాగుండనిపించింది ఆమెకు. ఆయన చిలక్కొయ్యకున్న అంగీ తీసి వేసుకుంటూ, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. "సారయ్య ఆగడు. అందాజ మీద చెప్తా. పోయి చూస్తా," అన్నాడు, ఆమెతో కాదు, గోడతో అన్నట్టు. బండి స్టార్టయిన చప్పుడు గల్లీ మలుపులో పోయింది.

అందాజ మీద. అరవై దర్రీలు. వాసంతి కుర్చీలో కూలబడింది. కళ్ళనీళ్ళలో తెర మసకబారింది. ఏం వెతుకుతోందో తెలియకుండానే ఉన్న ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటి తెరుస్తూ పోయింది. డ్రాఫ్ట్స్‌లో ఏమీ లేదు. స్పామ్‌లో ఏవో లాటరీలు. పంపిన మెయిళ్ళ ఫోల్డర్ తెరిచేసరికి పక్కన అంకె కనిపించింది. మూడు వేల ఎనిమిది వందల పన్నెండు.

ఇన్ని మెయిళ్ళు మామయ్య ఎవరికి రాశాడు?

మొదటిది తెరిచింది. 'నమస్తే సార్. అందినది. లింగమూర్తి.' రెండోదీ అదే. మూడోదీ అదే. వచ్చిన ప్రతి మెయిలుకూ, రిజిస్టర్డ్ ఉత్తరానికి సంతకం పెట్టినట్టు, ఆయన అందినదని జవాబిచ్చాడు. ఆ నాలుగు మాటల కింద, సన్నటి గీతకు దిగువన, అవతలివాళ్ళు రాసింది మొత్తం అలాగే ఉంది. జవాబుతో పాటు వెనక్కి పోయిన ప్రతి మాటా.

వెతికే చోట జైపూర్ పార్టీ పేరు కొట్టింది. నలభై ఒకటి వచ్చాయి. ఐదేళ్ళ కిందటివి ఏడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాంట్లో నమస్తే కింద వరుసగా అంకెలు, గ్రాములు, రంగుల పేర్లు. వాసంతి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదువుకుంది, కన్ను తప్పితే మాయమవుతాయేమోనన్నట్టు.

పన్నెండుకు పది నిమిషాలు. మామయ్యకు చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి మీద ఉన్నాడో, అక్కడికి చేరి ఫోన్ అంగీ జేబులో మరిచాడో. మళ్ళీ చేసింది. మళ్ళీ. నాలుగోసారీ ఎత్తలేదు. గోడమీద పెన్సిల్‌తో రాసిన నంబర్లలో సారయ్య పేరు వెతికి పట్టుకుంది.

"ఎవలు?"

"నేను లింగమూర్తి గారి కోడల్ని. మామయ్య వచ్చిండా అక్కడికి?"

"ఇగో, భట్టీ కాడ నిలవడ్డడు. ఇప్పుడే ఒక నూలు చిలప రంగుల ముంచినం."

"ఆపండి. ఇంకోటి ముంచకండి. మామయ్యకు ఇయ్యండి జర."

ఫోన్ చేతులు మారింది. నీళ్ళ బుసబుసలు, ఎవరో దగ్గుతున్న చప్పుడు.

"దొరికింది మామయ్య. మీరు అందినదని పంపిన జవాబుల కింద ఉన్నది. చదువుతా, వినండి." ఒక్కొక్కటిగా చదివింది. నీలం ఇరవై రెండు గ్రాములు. ఇటుక ఎరుపు ముప్పై ఒకటి. ఆకుపచ్చ పద్దెనిమిదిన్నర. బూడిద ఏడు. అక్కడ ఆగింది.

"ఐదోది?"

"ఐదోది జత చేసిన ఫోటోల చూడుమని రాసిండ్రు. ఫోటో జవాబుతోటి రాలేదు. అది లేదు మామయ్య."

అంచుకు వేసే పసుపు అది, కళ్ళన్నీ ముందు పడేది దాని మీదే. ఇప్పుడు కోప్పడతాడనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"ముంచిన చిలప పోయింది," అన్నాడు లింగమూర్తి. "నీలం ముప్పై అన్కొని ఏసిన. మంచిగ ఆపినవ్. పసుపు నేను దగ్గరుండి చూసుకుంటా. తప్పితే నాది తప్పు, నీది గాదు. ఆ నాలుగు ఇంకోపారి సదువు బిడ్డ, నిమ్మలంగ. సారయ్య రాసుకుంటాండు."

వాసంతి చెంపలు కొంగుతో తుడుచుకుంది. తెరమీద మొదటి అంకె కింద వేలు ఆనించి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.